పంటి గుంటలు

మా ఆయనకి బాగున్న వస్తువు కనిపిస్తే చాలు, బాగుచెయ్యాలని చేతులు దురద పెడతాయి. మామగారి పొగాకు పైపుకి నోట పెట్టుకునే గొట్టం మీద పంటి గుంటలున్నాయని ఆ గొట్టాన్ని ఊడదీసి చెత్తబండిలో పడేశారు. వంటింటి బల్లకి డ్రిల్లు బిగించి, ప్లాస్టిక్ కడ్డీకి బెజ్జం వేసి, ఆకురాయితో అరగదీసి, నా పాలగిన్నెలో మరిగే నీళ్ళలో వంచి కొత్తది చేశారు.

మామగారికి చేతులు వణుకుతాయి. మిగిలిన రెండు పళ్ళూ ఆ గుంటల్లో ఆనితేనే పైపు నోట్లో నిలిచేది. కొత్తది జారి ఒళ్ళో పడింది. ఆరోసారి చేసినదానికి గుంటలు కూడా చెక్కారు. అదీ జారింది.

"ఇంకొకటి చేస్తా నాన్నా."

"ఎందుకురా? నలభై ఏళ్ళు కొరికితే పడ్డ గుంటలవి. ఇప్పుడంత టైమెక్కడిది నాకు?" అంటూ మామగారు పైపు నా చేతికిచ్చేశారు.

మా ఆయన ఆకురాయి కింద పెట్టారు.

"తప్పు నాదే నాన్నా. పాతది బాగానే ఉండేది."