కోక లేని నేల

నీళ్ళు టీ రంగులో దిగుతున్నాయి.

చిక్కటి టీ. పాలు పోసి మరిగించిన టీ.

వాలు పైనుంచి... చాలు వెంట చాలు పట్టుకుని... గట్టు దాటి... కిందికి.

వరహాలు గొడుగు తెరవలేదు. అది చంకలోనే ఉంది. తడుస్తూ నిలబడ్డాడు.

ఆ రంగు అతని పొలానిది.

ముప్పై ఏళ్ళు టాటానగర్ యార్డులో పట్టాలు శుభ్రం చేశాడు వరహాలు. కంట్రాక్టు పని. రాలిన బొగ్గు, ఇనపరాయి, కాగితం, పుల్ల — ఏదీ మిగలకూడదు. మిగిలితే మేస్త్రీ తిట్టేవాడు, తల్లిని కలిపి. చేతికి అలా అలవాటైపోయింది. చెత్త కనబడితే చెయ్యి దురద పెడుతుంది.

పని అయిపోయాక బాగ్‌బేరా బస్తీ గదిలో కూర్చోలేకపోయాడు. ఊరు దాటాక, దళ్మా కొండ కనబడే చోట, మహతో అనే ఆసామి దగ్గర వాలు మీది పొలం చెక్క సాగుకి పట్టాడు. ఎర్ర నేల. పైన జానెడు మెత్తన. దాని కింద అంతా రాయి.

మహతో ఒకటే మాట అన్నాడు. ఈ వానాకాలం పంట కనబడాలి. కనబడకపోతే మట్టి ఇటుక బట్టీకి.

జానెడు మట్టి.

దాని మీదే అంతా.

ఎండాకాలంలో పొలం నిండా పాత పంట మోళ్ళు, ఎండుగడ్డి. వరహాలు చూశాడు. చెయ్యి దురద పెట్టింది. ఏరాడు. ఊడ్చాడు. కుప్ప వేసి అగ్గిపుల్ల గీశాడు.

పోలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని మొగుణ్ణి చూసింది.

“యార్డు కాదు మావా ఇది. ఆ గడ్డి ఒగ్గీ. నేలకి కోకుండద్దా?”

“సెత్తలో ఇత్తనం ఏత్తారేటే ఎవులైనా? నవ్వుతారు.”

“నవ్వితే నవ్వనీ. నీకు సీపురిచ్చి పెళ్ళి సెయ్యాల్సింది. నన్నిచ్చి కాదు.”

ట్రాక్టరు వచ్చింది. ఎటు దున్నమంటావని డ్రైవరు అడిగాడు. వరహాలు పైనుంచి కిందికి చెయ్యి చాపాడు. పుట్టిన చోట, బొబ్బిలి పక్కన, నేల చాప పరిచినట్టుండేది. ఎటు దున్నినా ఒకటే. నీళ్ళు పోసిన చోటే కూర్చునేవి.

చాళ్ళు తిన్నగా పడ్డాయి. పట్టాలంత తిన్నగా.

చాలలేదు. మళ్ళీ దున్నించాడు. మూడోసారీ దున్నించాడు. మట్టి పిండి అయింది. గడ్డిపరక లేదు. చోళ్ళు, అదే రాగులు, చల్లి, దూరంగా వెళ్ళి నిలబడి, చూసి మురిశాడు...

పక్క చెక్క లఖీరామ్‌ది. కింద వరి మడీ అతనిదే. అతను వాలుకి అడ్డంగా ఒక్కసారి గీరి ఊరుకున్నాడు. మోళ్ళు అలాగే... గడ్డి అలాగే. దువ్వని జుట్టులా ఉంది పొలం. బీడీ ముట్టిస్తూ ఇటు చూశాడు.

“క్యా వరహాలు భాయ్, మిట్టీ కో నంగా కర్ దియా?”

మట్టిని బట్టల్లేకుండా చేశావా అని. పోలమ్మ మాటే. హిందీలో.

ఆ తరవాత ఈ వాన.

పెద్దదేం కాదు. అరపూట.

చినుకు వట్టి మట్టిని గుద్దింది. మట్టి చెదిరింది. చెదిరిన మట్టి నీళ్ళెక్కింది. నీళ్ళు చాలెక్కాయి. ఇక ఆగడానికేముంది — పట్టాలు తనే వేశాడు.

తెరిపిచ్చాక పొలానికి పక్కటెముకలు బయటపడ్డాయి. మోచెయ్యి దిగేంత నీటి కోతలు. అడుగున రాయి.

లఖీరామ్ చెక్క తడిసింది. అంతే. వరహాలు ఆ గడ్డి కింద వేలు పెట్టి చూశాడు. చల్లగా... మెత్తగా... కదలకుండా ఉంది మట్టి.

వారానికి చోళ్ళు మొలిచాయి.

కింద. లఖీరామ్ మడిలో.

వరి నారు మీద వరహాలు మట్టి మేట వేసింది. ఆ మేట మీద వరహాలు విత్తనం — పచ్చగా, గుబురుగా, సిగ్గు లేకుండా. లఖీరామ్ వంగి ఒక్కొక్కటే పీకుతున్నాడు, కింద ఊపిరాడని నారు కోసం.

వరహాలు వెళ్ళి పక్కన వంగాడు. తనూ పీకాడు. తన మొక్కలే.



మహతో స్కూటరు వచ్చి ఆగింది. దిగలేదు. వాలు వంక చూశాడు. పోయాడు. మర్నాడు బట్టీ మనుషులిద్దరు టేపు పట్టి కొలిచారు. వచ్చే వారం వస్తామన్నారు, ఎవరితోనో అన్నట్టు.

లఖీరామ్ రెండు మోపుల గడ్డి తెచ్చి గట్టు మీద పడేశాడు.

“ఇత్‌నా హీ హై, భాయ్.”

ఉన్నది అంతే. నారు పోయినవాడు ఇచ్చిన గడ్డి.

పైగట్టు దగ్గర ఇంకా కాస్త మట్టి మిగిలింది. వరహాలు దాని మీద పరిచాడు. ఏరిన చేతులతోనే... ఊడ్చిన చేతులతోనే... పరిచాడు. పోలమ్మ చివర్లు సర్దింది, జొరం వచ్చిన బిడ్డకి దుప్పటి సర్దినట్టు.

రెండు మంచాలంత మేర వచ్చింది. పొలం ఎకరం పైన.

దళ్మా మీద మబ్బు లేచింది.

వాన.

వరహాలు గడ్డి చివర గొంతుక్కూర్చున్నాడు. దోసిలి పట్టాడు. చాలాసేపు ఏమీ రాలేదు. తరవాత వచ్చాయి — సన్నగా... నిదానంగా... తేటగా. నీళ్ళ అడుగున అతని అరచేతి గీతలు కనబడ్డాయి. ముప్పై ఏళ్ళ బొగ్గు ఇంకా ఆ గీతల్లోనే ఉంది.

“వత్తన్నాయా?” అంది పోలమ్మ.

దోసిలి ఎత్తి చూపించాడు.

ఆమె దోసిలి చూసింది. పక్కకి చూసింది. అతనూ చూశాడు.

రెండు మంచాలంత మేర — తేట.

ఆ పక్క... ఇంకా ఆ పక్క... కింది మడి దాకా —

నీళ్ళు టీ రంగులో దిగుతున్నాయి.