మార్త ఎత్తు

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే నేనే మా చర్చి మైకు సెట్టు కూడా చూసుకుంటాను. ఎన్నికల సభకు మైకు కావాలని అసెంబ్లీకి నిలబడ్డ రామకోటేశ్వరరావు మనుషులు వచ్చినప్పుడు పాస్టరుగారు నావైపు చూశారు, కాదంటాననుకుని.

"నేనే తెచ్చి బిగిస్తానండీ" అన్నాను.

ఎనిమిదేళ్ల కిందట, డెబ్భైలో, నా భార్య మార్త కంకిపాడు పంచాయతీ వార్డుకు నిలబడింది. నా భుజం దాకా కూడా వచ్చేది కాదు. రామకోటేశ్వరరావుది ఆరడుగుల పైమాట. బజారులో పెట్టిన సభలో మార్త మైకు ముందు దండం పెట్టగానే, ఎదుటి వర్గం తరఫున సర్పంచికి నిలబడ్డ ఆయన ఎదురింటి అరుగు మీద నుంచి, "మార్తమ్మా, లేచి నిలబడి మాట్లాడమ్మా" అన్నాడు.

ఆమె నిలబడే ఉంది. జనం విరగబడి నవ్వారు. అనుకున్న నాలుగు ముక్కలూ చెప్పకుండానే దిగివచ్చింది. ఓడిపోయింది. రెండేళ్లకు కామెర్లతో పోయింది. మంచంలో ఉండి ఒకసారి అడిగింది, "నేను నిజంగా అంత పొట్టిగా కనపడ్డానా అండీ?"

సభ రోజు ఎండ వాలకముందే రైసుమిల్లు పక్క స్థలంలో స్టాండు నిలబెట్టి, నా ఛాతీ దాకా దించాను. మార్త నోరు ఎక్కడికి వచ్చేదో నా చేతికి తెలుసు. మరను స్పానరుతో బిగించి, మైకు ఊడిరాకుండా తీగతో చుట్టేశాను.

"ఈ పొడుగు చూశారా? హైదరాబాదులో మన కంకిపాడు కనపడకుండా పోతుందా?" అన్నాడు ఒక కార్యకర్త, సభ మొదలవగానే వేదిక అంచుకు వచ్చి, మైకు లేకుండానే, ఆయన్ని చూపిస్తూ. జనం చప్పట్లు కొట్టారు.

రామకోటేశ్వరరావు లేచి మైకు దగ్గరికి వచ్చాడు. వంగాడు. చాలక మోకాళ్లు మడిచాడు. మెడలో దండ మైకుకు తగిలి గరగరమంది. నేను గొంతు సవరించుకున్నాను. అంతలో ఆడవాళ్ల వైపు నుంచి, ఆనాడు మార్తతో ఇంటింటికీ తిరిగిన శౌరమ్మ తాపీగా అంది:

"లేచి నిలబడి మాట్లాడయ్యా."

ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత ఆనాటి నవ్వే మళ్లీ వచ్చింది. ఆ మాట నా నోటితో అనవలసిన పని తప్పింది. దేవుడు నాకు అంతవరకు దయ చూపాడు.

ఆయన నడుము పట్టుకుని నావైపు తిరిగాడు. "మాస్టారూ, కాస్త పైకి లేపండి."

స్పానరు నా జేబులోనే ఉంది.

"అది లేవదండీ" అన్నాను. "మా ఆవిడ ఎత్తు అంతే."