కొక్కెం దిగని ఏప్రాన్లు

కలుపు తీయడానికి నలుగురు చేరి మొదలెట్టిన మండలి అది. జీతంభత్యం లేకుండా ఉద్యానవనానికి చాకిరీ చేస్తుంది. దాని చరిత్ర రాసే పనిని అందరూ కలిసి టీచరమ్మ నెత్తిన పెట్టారు. రిటైరైన మనిషి ఖాళీగా ఉంటుందని లోకానికి ఎంత నమ్మకమో! అయినా ఆవిడ కాదనలేదు. అక్కడి ఫెర్న్ మొక్కల అద్దాలగదిని ప్రాణంలా చూసుకున్నది ఆవిడ భర్తే. ఆయన పోయాక అది ఆవిడ చేతికొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఎండిపోతోంది. రెండు పూటలా నీళ్లు పోస్తున్నా ఆకులు పెళుసుబారి రాలుతున్నాయి. నెలాఖరుకి కోలుకోకపోతే గది పడగొట్టి కాఫీ దుకాణం పెడతామని ఉద్యానవనం వాళ్లు తేల్చేశారు. ఆయన పేరు చెప్పుకోడానికి ఆ గది కూడా మిగలదేమోనని ఆవిడ బెంగ.

మండలిలో అందరికన్నా పెద్దవాడైన తాతగారిని పాత సంగతులు అడగబోతే, ఆయన పనిముట్ల గదిలోకి తీసుకెళ్లాడు. గోడ పొడవునా కొక్కేలు, వాటికి ఏప్రాన్లు. బాగా పాతవాటికి మోకాళ్ల దగ్గర పచ్చి బురద.

"ఈ పాతవన్నీ ఎవరివండీ?"

"పోయినవాళ్లవమ్మా. మొదట్నుంచీ మన పద్ధతే అంత. మనిషి పోయినా ఏప్రాన్ కొక్కెం దిగదు."

"మరి ఈ బురద?"

"పనిచేస్తే బురద అంటదా?" పిచ్చి ప్రశ్న వేసినట్టు చూశాడాయన. "అవునూ, మీ ఆయనది కనపడదేం?"

ఆయన పోయిన రోజే ఆవిడ దాన్ని ఇంటికి తీసుకెళ్లి, ఉతక్కుండా తలగడ కింద దాచుకుంది. ఆ వాసన కూడా పోతే ఆయన పూర్తిగా పోయినట్టే కదా.

ముసలాయనకు చాదస్తం అనుకుంటూనే ఇంటికెళ్లింది. ఏప్రాన్‌ను ముఖానికి అదుముకుని కాసేపు ఏడ్చింది. సాయంత్రం తెచ్చి, ఎవరైనా చూస్తే నవ్విపోతారని అటూ ఇటూ చూసుకుని, తన ఏప్రాన్ పక్కనున్న ఆయన కొక్కేనికి తగిలించింది.

తెల్లారి వెళ్లేసరికి ఫెర్న్ గది అద్దాలన్నీ చెమ్మగిల్లి ఉన్నాయి. ఎండిన మొదళ్లలోంచి చుట్టలు చుట్టుకున్న లేత చిగుళ్లు తలెత్తాయి. ఆవిడ పనిముట్ల గదికి పరుగెత్తింది. ఆయన కొక్కెం ఖాళీగా ఉంది.

తాతగారు తీశాడేమోనని మనసుకు సర్దిచెప్పుకుని, తన ఏప్రాన్ మెడలో వేసుకుంది. భుజం నొప్పి వల్ల వెనక తాళ్లు ఆవిడకు ఎప్పుడూ అందవు. ఎప్పుడూ ఆయనే కట్టేవాడు, ఎంత చెప్పినా వినకుండా బిగించేసి. ఇప్పుడు తడుముకుంటున్న వేళ్లలోంచి తాళ్లు మెల్లగా జారాయి. నడుం దగ్గర ముడి పడింది, గట్టిగా.

ఆవిడ వెనక్కి తిరగలేదు.

"కాస్త వదులుగా కట్టండీ," అంది.