ఇమాఖు ఎబెర్లె గారు

జర్మన్ క్లాసు నిండిపోయిందన్నారు. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి, వచ్చినదాన్ని ఊరికే వెనక్కి పోవడం ఇష్టంలేక, పక్క గదిలో ఏం చెబుతారని అడిగాను. ప్రాచీన ఈజిప్టు భాష, సీట్లు కావలసినన్ని ఉన్నాయి అంది కౌంటర్‌లో అమ్మాయి. అలా జర్మనీలో ఈ జిండెల్ఫింగెన్ ఊళ్ళో బేకరీకి వెళ్ళి రెండు బన్నులు అడగడానికే తడబడే నేను, మంగళవారం సాయంత్రాలు ఈజిప్టు బొమ్మల రాత నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా ఆయన సృజన్ కార్ల ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. ఈ సంగతి చెప్పి ఆఫీసులో ఎంతమందిని నవ్వించాడో నాకు తెలుసు. నవ్వుకోనీ. ఇంట్లో కూర్చుని డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికిందా లేదా అని ఫోన్ పట్టుకోవడంకంటే ఇదే నయం.

పాఠం చెప్పేది ఎబెర్లె గారు. యూనివర్సిటీలో రిటైరై, ఊసుపోక మా నలుగురికీ చెప్పేవారు. ఎనభైకి దగ్గర పడినా బోర్డు మీద గీత వంకర పోయేది కాదు. మొదటిరోజే అలవాటుకొద్దీ ‘ఎబెర్లె గారూ’ అనేశాను. గారు అంటే ఏమిటన్నారు. మర్యాద, పేరు వెనకాల తగిలిస్తాం అన్నాను. ఆయనకు ఎంత నచ్చిందంటే, క్లాసులో ఉన్న ముగ్గురు పెద్దావిడల చేతా అలాగే పిలిపించుకున్నారు. వాళ్ళు ‘గాఆరు’ అని సాగదీస్తుంటే నాకు నవ్వు ఆగేది కాదు.

మీ మర్యాద మరీ చవక, ఈజిప్టువాళ్ళది అలా కాదు అని ఏడిపించేవారు. వాళ్ళ మాట ఇమాఖు. దాన్ని రాసే బొమ్మ వెన్నెముక. పుస్తకాలు ‘గౌరవనీయుడు’ అని అర్థం రాసి చేతులు దులుపుకుంటాయట, అది సగమే. సమాధుల్లో దాని పక్కన ఎక్కువగా ఖెర్ అని ఇంకో చిన్న మాట వస్తుంది, ‘ఫలానావారి దగ్గర’ అని. దేవుడి దగ్గర ఇమాఖు, రాజు దగ్గర ఇమాఖు, తండ్రి దగ్గర ఇమాఖు. ఆ ఫలానావారే ఆ మనిషికి సమాధి దక్కేలా, రొట్టె అందేలా చూస్తారు. ఎంత గొప్పవాడైనా తనకు తానే ఇమాఖు కాలేడు, ఇంకొకరు చేయాలి.

మా కరీంనగర్‌లో అలాంటివాణ్ణి దిక్కున్న మనిషి అంటారు అని నా వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను. పోయాక ఇంత ముద్ద పెట్టి పేరు తలుచుకునేవాళ్ళు ఉన్న మనిషి. ఎబెర్లె గారు చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఇన్నేళ్ళు వెతికిన అనువాదం ఇదేనన్నారు. పొగడ్తకు నేను పడిపోతానని తెలుసు కాబోలు, ఆ తర్వాత క్లాసయ్యాక టీకి కూడా పిలిచేవారు.

అలా టీ తాగుతూనే ఒకసారి తన సమాధి రాయి సంగతి ఎత్తారు. పేరు, దాని ముందు ఇమాఖు అన్న మాట, అంతే చాలు, బొమ్మలు నువ్వు గీసివ్వు, నీ చెయ్యి బాగుంది అన్నారు. మరి ఎవరి దగ్గర ఇమాఖు అని అడిగాను. నాకు దేవుడూ లేడు, రాజూ లేడు, అది రాయనక్కర్లేదు అని కప్పు కడగడానికి లేచారు. కూతురుందని అంతకుముందు ఒక్కసారి చెప్పారు, అంతకంటే ఏమీ చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఆయన రాలేదు. ఇంట్లోనే గుండె ఆగిపోయిందని తర్వాత తెలిసింది. కూతురు ఉల్‌రికె ఉత్తరాన కీల్ అనే ఊరి నుంచి వచ్చి అన్నీ చూస్తోందనీ, బూడిద పాత్రను స్మశానంలో పచ్చిక కింద పెట్టిస్తోందనీ క్లాసులో పెద్దావిడ ఒకామె చెప్పింది. పేరు ఉండదు, ఏ చోటో ఎవరికీ చెప్పరు. ఇక్కడ అలా చేయించుకునేవాళ్ళు చాలామందే, అందులో అవమానమేమీ లేదట. అందరికీ లేకపోవచ్చు. నాలుగువేల ఏళ్ళ కిందటి పేర్లను వేలితో తడిమి చదివిన మనిషికా? ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

స్మశానం ఆఫీసుకు ఫోన్ చేశాను. ఆయన రాసి పెట్టి ఉంటే అలాగే చేసేవాళ్ళమని, నోటిమాట అయితే కూతురు ఎలా అంటే అలాగని చెప్పారు. జీవితమంతా ఇతరుల సమాధుల మీద రాతలు చదివినాయన తన గురించి ఒక్క ముక్క రాసిపెట్టలేదు. ఆయన మీద కోపం వచ్చింది. పోయినాయన మీద కోపమేమిటని ఏడుపూ వచ్చింది.

“మనకెందుకు చెప్పు ఇదంతా? వాళ్ళ నాయిన, వాళ్ళిష్టం,” అన్నాడు సృజన్. తప్పేమీ అనలేదు. అయినా వారం తిరగకముందే ఉల్‌రికె నంబరు సంపాదించి, శనివారం ఆయన ఫ్లాట్‌కు వెళ్ళాను.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. అవే బూడిదరంగు కళ్ళు. పుస్తకాలు పెట్టెల్లో సర్దుతోంది. కాఫీ ఇచ్చింది, కుర్చీ మీది కాగితాలు తీసి కూర్చోమంది. కఠినురాలినే చూస్తాననుకుని దారి పొడవునా వాక్యాలు కూడబలుక్కుని వెళ్ళాను. చూస్తే నాలుగు రోజులుగా నిద్రలేనట్టున్న మనిషి. నేను చెప్పిందంతా అడ్డం రాకుండా విని, తనకూ ఏది సరైనదో తెలియడం లేదనీ, ఇంకా సంతకం పెట్టలేదనీ అంది. చిన్న పలక లాంటిదేదైనా అయితే ఆలోచించవచ్చు అంది.

ఆయన అడిగిన బొమ్మలు గీసి తెచ్చిన అట్ట ముందు పెట్టాను. ఆమె వెన్నెముక బొమ్మ మీద వేలు పెట్టి, బాగుంది, దీని అర్థమేమిటంది. గౌరవనీయుడు అని ఊరుకోవలసింది. ఊరుకుంటే నేనెందుకవుతాను? అంతా చెప్పాను. దిక్కు గురించి చెప్పాను. ఖెర్ గురించి చెప్పాను. మా వైపు మనిషి పోయాక పిల్లలు పాత కోపాలు పట్టుకు కూర్చోరు. కట్టెతోనే అన్నీ కాలిపోతాయంటారు. ఎవరికైనా అంతేననుకున్నాను.

“ఇక్కడ మీ పేరు రాద్దాం. తన కూతురు ఉల్‌రికె దగ్గర ఇమాఖు అని,” అన్నాను.

ఆమె వేలు అట్ట మీదనుంచి తీసేసింది.

“మా అమ్మ ఆ చలికాలమంతా ఆస్పత్రిలో ఉంది. నాకు పదిహేనేళ్ళు. ఆయన ఈజిప్టులో, లక్సర్ తవ్వకాల్లో ఉన్నాడు. సమాధి సగం తెరిచాం, వదిలి రాలేను అన్నాడు. అమ్మను నేనూ, పక్కింటావిడా కలిసి పూడ్చాం.” గొంతు పెంచలేదు. “అంటే ఈ మాటకు అర్థం ఆయనకు ఇంత బాగా తెలుసన్నమాట.”

పేరు తీసేద్దాం, ఆ మాట ఒక్కటే ఉంచుదాం, అసలు ఆయన అడిగిందే అంత అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. అర్థం తెలియకపోతే ఒప్పుకునేదాన్నే, ఇక కుదరదు, సోమవారం సంతకం పెట్టేస్తాను అంది. అట్టను జాగ్రత్తగా నా చేతికే ఇచ్చింది. ఇంకా బతిమాలాలనిపించింది. కానీ ఏమని? ఆమెది తప్పని అనలేను. ఆయన మంచివాడని ఆ ఇంట్లో నిలబడి చెప్పే మొహం నాకు లేదు.

కోటు వేసుకుంటుంటే వెనకనుంచి అడిగింది.

“మీతో బాగా ఉండేవాడా?”

కాదంటే అబద్ధం. అవునంటే ఆమెకు ఏమవుతుందో నాకు తెలుస్తూనే ఉంది.

“బాగా ఉండేవారు,” అన్నాను.

ఆమె తల ఊపి, పెట్టె మూయడానికి టేపు చుట్ట తీసుకుంది. కొస దొరకలేదు. గోటితో గీకుతూ చుట్టను తిప్పుతూనే ఉంది. నేను తీసిపెడతానని చెయ్యి చాపాను. వద్దు, మీరు వెళ్ళండి అంది.