ఇంటికో మాట

దక్షిణ కొరియా అంచున ఉన్న మా ఊరికీ ఉత్తర కొరియాకూ మధ్య ఉన్నది ఒక పాయ నీళ్లే. ఆటు సమయంలో బురద తేలితే అదీ సగమే. ఆ వేసవిలో వాళ్లు చెత్త కట్టిన బెలూన్లు మా వైపు వదిలారు. దానికి జవాబుగా మన సైన్యం కొండ మీద పెద్ద లౌడ్‌స్పీకర్లు పెట్టి, పాటలు, వార్తలు, రేపటి వాన కబురు అటు వినిపించడం మొదలుపెట్టింది. వాళ్లు తమ స్పీకర్లలో తిరిగి ఇచ్చిన జవాబు ఒక కూత. ఒకసారి తోడేలు ఏడ్చినట్టు, ఒకసారి రాతి మీద ఇనుప రేకు ఈడ్చినట్టు ఉంటుంది. పగలూ రాత్రీ అదే. రెండింటి మధ్యా మా ఊరు.

పక్కింటి లియెన్ వదినది వియత్నాం. ఆమె మొగుడు పీతల పడవ మీద వెళ్తే ఎప్పుడొస్తాడో తెలియదు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క చంటిపాప ఆమె కూతురు. కూత మొదలైనప్పటి నుంచి ఆ పాపకు నిద్ర లేదు. కునుకు పట్టగానే ఉలిక్కిపడి లేస్తుంది. పాలు కూడా సరిగా తాగడం లేదు.

"ఈసారి సభలో కూడా ఊరు ఏమీ చెయ్యకపోతే ఇంచన్ పట్నం వెళ్లిపోతా హారిమ్," అంది వదిన, చేలో ముల్లంగి పీకుతూ. "అక్కడ మా దేశపు పిల్ల ఒకతి గదిలో చోటిస్తానంది."

"మీ మామగారు ఒప్పుకుంటారా?"

"ఆయన ఇంతవరకూ దేనికి ఒప్పుకున్నాడు కనక?"

ఆమె మామగారు బాంగ్ తాతయ్య. ఒకప్పుడు నావికాదళంలో సిపాయి. మా ఊరి సభలో ఇంటికి ఒకే ఓటు. వదిన వాళ్ల ఇంటి ఓటు తాతయ్యది. మా ఇంట్లో ఉండేది నేనూ, మామ్మా. మా ఓటు మామ్మది. కానీ సభ రోజున మోకాలు వాచి లేవలేక నన్ను పంపింది. ఇంటి తరఫున వెళ్లినవాళ్లు ఎవరు చెప్పినా చెల్లుతుంది.

"మన స్పీకర్లు ఆపొద్దని చెప్పు," అంది మామ్మ. "ఒక్క ముక్క. అదైనా నోట్లోంచి వస్తుందా, లేక రాసి ఇమ్మంటావా?"

మామ్మ పుట్టింది నీళ్లకు అవతల. యుద్ధంలో వాళ్ల నాన్న వీపు మీద ఇటు వచ్చింది. అక్క అక్కడే ఉండిపోయింది. రేపు వాన అని మన స్పీకరు చెబితే, అక్క విని ఆరబోసిన మిరపకాయలు లోపలికి తీస్తుందని మామ్మ నమ్మకం. అక్క ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఈ మాట మామ్మ దగ్గర ఎవరూ అనరు.

సభ ఉదయం పూట. మా గ్రామపెద్ద ప్యో పెదనాన్న ఎప్పటిలాగే ఊరి మైకులో అందరినీ రమ్మని పిలిచాడు. ఆ మైకు సభ జరిగే హాల్లోనే ఉంటుంది. దాని బాకాలు ఊరంతా స్తంభాల మీద ఉంటాయి. మన స్పీకర్లను ముందుగా మనమే ఆపమని ప్రభుత్వానికి అర్జీ పెట్టాలా వద్దా, ఇదీ విషయం.

"మనం ముందు నోరు మూసుకుంటే వాళ్లకేం అర్థమవుతుంది?" అన్నాడు బాంగ్ తాతయ్య. "కూస్తే చాలు, వీళ్లు దిగొస్తారని. రేపు ఇంకోటి కావాలంటే ఇంకా గట్టిగా కూస్తారు."

"నా మేకలు నెలలు నిండకుండానే పిల్లల్ని పడేస్తున్నాయి," అంది మేకల యోమ్ పిన్ని. "వాటికి మీ సిద్ధాంతాలు తెలీవు కదా."

"మేకల మాట విని దేశాన్ని నడుపుదామా?"

"నీ మాట విని నడిపే కన్నా నయం."

అందరూ నవ్వారు. ప్యో పెదనాన్న చెయ్యెత్తి ఆపాడు. "అటువైపు మన మొర వినేవాడు లేడు. మనవాళ్లయితే మనం ఓటేసినవాళ్లు. అడిగితే వినొచ్చు. అందుకే ముందు వాళ్లనే అడుగుదాం అంటున్నా."

"అంటే వినేవాడి నోరే నొక్కుతారన్నమాట. బాగుంది న్యాయం," అన్నాడు తాతయ్య.

తాతయ్య చెప్పింది తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు.

పెదనాన్న ఇంటి పేర్లు వరసగా పిలిచాడు. ఆపాలి, వద్దు, వద్దు, ఆపాలి. కిటికీ అవతల లియెన్ వదిన పాపను వీపున కట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. పాప గొంతు బొంగురుపోయి ఏడుపు గాలిలా వస్తోంది. నా వంతు వచ్చింది.

"ఆపాలి," అన్నాను.

"వినపడలేదు తల్లీ, గట్టిగా చెప్పు."

"ఆపాలి. ముందు మనవాళ్లనే ఆపమని అడగాలి."

అప్పుడే పెదనాన్న ఫోను మోగింది. కొండ మీది కాపలా చౌకీ నుంచి. ఆయన విని, మొహం ఎర్రబడి, మైకు పెట్టె దగ్గరికి పరుగెత్తాడు. పొద్దున పిలుపు అయ్యాక మైకు కట్టెయ్యడం మరిచిపోయాడు. సభ మొత్తం ఊరంతా వినిపించింది. గాలి ఉత్తరానికి వీస్తోంది కాబట్టి అవతలికీ వెళ్లే ఉంటుందని చౌకీవాళ్లు అన్నారట.

"మేకల సంగతి కూడానా?" అంది యోమ్ పిన్ని.

"విననివ్వండి," అన్నాడు బాంగ్ తాతయ్య. "ఇన్నాళ్లూ పాటలేగా విన్నారు. సొంత సైన్యం మీద చాడీలు చెప్పి తాపీగా అన్నానికి ఇంటికెళ్లే మనుషులున్నారని ఇవాళ తెలుస్తుంది."

ఆపాలన్నవాళ్లే ఎక్కువయ్యారు. మా ఊళ్లో అర్జీ వెళ్తే ఓడినవాళ్లు కూడా దాని మీద సంతకంగా తమ పేరు ముద్ర వెయ్యాలి. తాతయ్య జేబులోంచి తన ముద్ర తీశాడు. "ఇది తప్పు అని నా ముద్ర పక్కన రాయి," అన్నాడు. పెదనాన్న రాశాడు. తాతయ్య చదువుకుని, అప్పుడు ముద్ర వేశాడు.

ఇంటికి నెమ్మదిగా నడిచాను. మామ్మ అరుగు మీద కూర్చుని పండ్ల తొక్క తీస్తోంది. సరిగ్గా మా గోడ పక్కనే ఒక బాకా ఉంది.

"బళ్లో పాఠం ఎప్పుడైనా అంత గట్టిగా చదివావా?" అంది.

మామ్మ ఇంకో పండు తీసుకుంది, తొక్క తీసింది, పక్కన పెట్టింది.

"నువ్వు చెప్పింది ఈ ఇంటి మాట కాదు. నీ మాట."

"అవును మామ్మా."

"అది నాతో ముందే చెప్పి వెళ్లుండాల్సింది."

"చెబితే నన్ను పంపేదానివి కాదు."

మామ్మ కత్తి కింద పెట్టి అవతలి కొండల వైపు చూసింది. కూత వస్తూనే ఉంది.

"ఆ లియెన్ పిల్లని పిలు," అంది. "అర్జీ పోయి, వాళ్లు చదివి, మనవాళ్లు ఆపి, అటువాళ్లు ఆపేసరికి ఆ పాపకి పెళ్లీడు వస్తుంది. వెనక కొండవైపు గది ఖాళీ చెయ్యి. అక్కడ కూత తక్కువ."

ఆ గదిలో బియ్యం బస్తాలు, పులియబెట్టిన సోయా ముద్దలు ఉన్నాయి. వాటిని ముందు గదిలోకి చేర్చి, గోడలకు పరుపులు ఆనించాను. లియెన్ వదిన పాపతో వచ్చింది. వెనకాలే బాంగ్ తాతయ్య ఒక పెద్ద గుడ్డ మూట తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు. వదిన ఇంచన్‌కని కట్టుకున్న మూట అది.

కూత ఆ గదిలోకీ వస్తోంది గానీ, దుప్పటి కింద నుంచి వచ్చినట్టు మందంగా ఉంది. పాప కాసేపు పెనుగులాడి పాలు తాగింది. నిద్రపోయింది. వదిన దాని పొట్ట మీద చెయ్యి వేసి, కదలకుండా కూర్చుంది.

"ఎన్నాళ్లు ఉండొచ్చు మామ్మా?" అని అడిగింది.

"ఎవరో ఒకరు ఆపేదాకా," అంది మామ్మ ముందు గదిలోంచి.

వదిన మూట ముడి విప్పి పాప గుడ్డలు మాత్రం బయటికి తీసింది. మిగతావి అలాగే ఉంచి మళ్లీ ముడి వేసింది.