సీటు పట్టీకి ఇంకో తూటు

నాకు కోపం ఎక్కువ. ఇది నా భార్య జాహేదా ఒక్కతే అనే మాట కాదు, నార్కట్‌పల్లి చౌరస్తాలో బండి ఆపి నాతో పని చేయించుకున్న ప్రతివాడూ అంటాడు. అననీ. నా మెకానిక్ షెడ్డులో ఒక మూల తెల్ల కాంటెస్సా కారు ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే కుర్రకారు చాయ్ తాగడానికి దిగి, దాన్ని చూసి ఫోన్లు తీస్తారు. "అంకుల్, ఇది మన దేశం మజిల్ కారు, అమ్ముతారా?" అని అడుగుతారు. "చాయ్ తాగిండ్రు గదా, నడువుండ్రి" అంటాను. రెండోసారి అడిగినవాడికి చేతిలో పానా చూపిస్తాను. ఆ కారు నాది కాదు, డానియలన్నది.

డానియలన్న నల్గొండలో ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు. మీసం మొలిచినప్పుడు చేరి, జుట్టు నెరిసేదాకా ఆ ఇంట్లోనే చేశాడు. కాంటెస్సా కొత్తగా వచ్చిన రోజు నుంచి దాని స్టీరింగు పట్టింది ఆయనే. పొడుగు ముక్కు, వెడల్పు నడుము, ఇంజను అందుకుంటే పక్కన నిలబడ్డవాడి గుండెలో తెలిసేది. సారు కుటుంబాన్ని అందులో ఎన్నిసార్లు నాగార్జునసాగర్ తీసుకుపోయాడో లెక్క లేదు. వాళ్లు కృష్ణలో దిగి ఆడుకుంటుంటే ఈయన గట్టు మీద కారుకు కాపలా. ఇంటికి వచ్చాక భార్య ఎస్తేరక్క అడిగేదట, "కృష్ణ ఎట్లుంటదయ్యా?" అని.

"నేను గూడ దూరంకెంచే చూసిన. ఎప్పటికన్న నిన్ను గీ కారులనే తీస్కపోత. ఇద్దరం దిగుదాం" అనేవాడు.

డ్రైవర్లు పెళ్లాలకు ఇట్లాంటివి చాలా చెబుతారు. చెప్పి మర్చిపోతారు. ఈ మనిషి మర్చిపోలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాది కాంట్రాక్టరు కొడుకు పాత కారును తుక్కుకు వేసేయమన్నాడు. అప్పటికే అది రైసు మిల్లు వెనక ఇటుకల మీద నిలబడి ఉంది, వెనక సీటులో కోడి గుడ్లు పెట్టింది. డానియలన్న దాన్ని అడిగి తీసుకుని, ట్రాక్టరుకు తాడు కట్టి, నా షెడ్డు ముందు తెచ్చి నిలబెట్టాడు. నేను దాని చుట్టూ ఒకసారి తిరిగాను. కింద రేకు చేత్తో వత్తితే పొడి రాలింది.

"పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టున్నది నీ యవ్వారం. గిది ఇనుమే, కారు గాదు" అన్నాను.

"నువ్వు అందుకే ఉన్నవ్ గదా తమ్మీ" అని నవ్వాడు.

ఆ నవ్వుకే పడిపోయాను నేను. ఆ తర్వాతి ఏళ్లలో మేం పడ్డ సుఖం చెప్పకపోతే అబద్ధం అవుతుంది. ఆదివారం చర్చి అయ్యాక డానియలన్న తెల్ల చొక్కా విప్పి మేకుకు తగిలించి, పాత లుంగీ కట్టుకుని కారు కిందికి దూరేవాడు. జాహేదా బగారన్నం పంపేది. "మీ ఇద్దర్ల కారును ఎవరు లగ్గం చేసుకున్నరో జర చెప్పుండ్రి" అని ఎకసెక్కాలాడేది. కాంటెస్సా ఉన్నవాళ్లందరిదీ ఫోన్లో ఒక గుంపు ఉంది. కేరళలో ఒకాయన ముందు జాలీ పంపాడు, ముఖం కూడా చూడని మనిషి. ఇంజను మొదటిసారి అందుకున్న రోజు డానియలన్న బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. నేను బిస్మిల్లా అన్నాను. ఎవరి మాట విన్నదో గానీ అది ఆగలేదు.

ఆగింది డానియలన్న మోకాలు.

ఆయనది మునుగోడు దిక్కు పల్లె. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్లు ముందు పళ్లను పసుపు చేశాయి, తర్వాత నడుమును పట్టుకున్నాయి, మెడను పట్టుకున్నాయి. వెనక్కి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఒక ఆదివారం క్లచ్ తొక్కబోయి అట్లాగే ఉండిపోయాడు. ఎడమ మోకాలు మడత పడడం లేదు. సీటును దాని కింది ఇనుప పట్టీ మీద చివరిదాకా జరిపినా కాలికి జాగా చాలలేదు. నేను సీటు విప్పి, పట్టీకి వెనక ఇంకో తూటు కొట్టి, అక్కడ బిగించాను. కాలు పట్టింది. కొన్ని నెలలకు మళ్లీ పట్టలేదు. మళ్లీ తూటు కొట్టాను. అట్లా ఆ మోకాలు బిగుసుకున్నప్పుడల్లా సీటు వెనక్కి పోతూ వచ్చింది. ఆఖరికి చేతులు బారుగా చాపితే తప్ప స్టీరింగు అందని దగ్గరికి వచ్చాం.

"ఇగ దీని ఎన్కకు కొడితే చెయ్యి అందదన్నా" అన్నాను.

"గీ తూటు మీద ఉన్నప్పుడే పోవాలె తమ్మీ. సాగర్ దాంక తోలుత. ఒక్కసారి తోల్తె సాలు, తర్వాత గీ కాలు ఏమన్న గానీ."

"నేను తోలుత, నువ్వు పక్కన కూసో."

"పక్కన కూసునేటందుకు గీ కారు జేపియ్యలే" అన్నాడు.

ఎస్తేరక్కను అడిగాను. సాగర్‌కు బస్సులు లేవా, ఎందుకింత మొండితనం అని కోపం చేశాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "ఆయిన తోలితెనే పోత" అంది, అంతే. మొగుడూ పెళ్లామూ ఒక్క అచ్చులో పోసినట్టున్నారు.

అన్నీ అయ్యాయి అనుకునేసరికి కరోనా వచ్చి రోడ్లు మూసింది. కారును వాళ్ల ఇంటి ముందు రేకుల కింద పెట్టాం. నిలబెడితే ఇంజను పాడవుతుందని రోజూ సాయంత్రం డానియలన్న కాసేపు స్టార్టు చేసి ఉంచేవాడు. రేడియేటరు కొంచెం కారుతుండేది, రోజూ నీళ్లు కలపాలి. ఆయన వంగలేడు, బిందె ఎత్తలేడు. ఎస్తేరక్క పోసేది. నేను ముందే చెప్పాను, "అక్కా, బోరు నీళ్లు పొయ్యకు, సున్నం గడుతది. నల్లాల వచ్చే కృష్ణ నీళ్లు పొయ్యి" అని. సరే తమ్మీ అంది.

రోడ్లు తెరిచాక, ఎండలు ముదరకముందే ఒక పొద్దున బయలుదేరాం. డానియలన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు బారుగా చాపి స్టీరింగు పట్టుకున్నాడు. పక్కన ఎస్తేరక్క, పెట్టెలోంచి తీసిన నీలం చీరలో. ఒళ్లో సద్ది గిన్నె, మంచినీళ్ల సీసా. వెనక నేను. క్లచ్ తొక్కినప్పుడల్లా ఆయన పళ్లు బిగించడం అద్దంలో కనబడుతోంది. నల్గొండ దాటి కారు టాప్ గేరులో పడ్డాక ఆ మొహం మారిపోయింది. ఇంక క్లచ్‌తో పని లేదు. కారు మెత్తగా, బరువుగా, రోడ్డును ఒళ్లోకి తీసుకుంటున్నట్టు పోతోంది. ఎదురొచ్చే లారీ డ్రైవర్లు హారన్ కొట్టి చెయ్యి ఊపారు. ఎస్తేరక్క కిటికీలోంచి కొంగు ఎగరకుండా పట్టుకుని, మొగుణ్ణి చూసి, పెళ్లికూతురి లాగా తల వంచుకుంది. నేను బయటికి చూశాను.

కనగల్ దాటాక ఇంజను వేడి చూపే ముల్లు లేచింది. చూస్తుండగానే ఎర్ర గీత దాటింది. డానియలన్న పక్కకు తీసే లోపలే ఇంజను లోపల ఏదో పగిలిన చప్పుడు వచ్చి, కారు తనంతట తాను ఆగిపోయింది. బానెట్ ఎత్తితే ఆవిరి. చాలాసేపు ఆగి, గుడ్డ చుట్టి రేడియేటరు మూత తీశాను. మూత నిండా, లోపల నిండా, తెల్లగా సున్నం పెచ్చులు. నీళ్లు కాగే గిన్నె అడుగున పేరుకుంటుందే, అట్లా. నీళ్లు తిరిగే దారి లేదు. ఇంజను పైభాగం అడ్డంగా చిట్లింది. అది దొరికే సామాను కాదు.

తిక్క రేగింది. "బోరు నీళ్లు ఎవరు వోసిండ్రు? నెత్తీ నోరూ కొట్టుకొని చెప్పిన గదా" అని అరుస్తూ తిరిగాను.

ఎస్తేరక్క రోడ్డు పక్కన నిలబడి ఉంది. మంచినీళ్ల సీసాను రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుంది. నాకప్పుడు అర్థమైంది. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, అదీ కాసేపు. బిందెలు నింపి, మూతలు పెట్టి, ఒక్క చుక్క కింద పడకుండా ఆమె ఆ నీళ్లు మొగుడికి దాచేది. పోయింది రాదు గానీ ఇక మీదటైనా మంచి నీళ్లు తాగించమని నల్గొండ దవాఖానలో డాక్టరు చెప్పాడు. అన్నానికి అవే, చాయ్‌కి అవే. తాను మాత్రం బోరు నీళ్లు తాగేది, ఇది జాహేదా తర్వాత చెప్పింది. మనిషికే చాలని నీళ్లు కారుకు పోయడానికి ఆమెకు చెయ్యి ఎట్లా వస్తుంది? మా దిక్కు ఏ ఆడమనిషి పోస్తుంది?

"తమ్మీ, నేను..." అంది.

"రేడియేటరే పాతదక్కా. మార్చాల్సింది నేనే, మార్చలే. నాదే తప్పు" అన్నాను. కోపం ఎటు పోయిందో తెలియదు, ఏడుపొచ్చింది.

డానియలన్న తలుపు పట్టుకుని, కాలు చేత్తో ఎత్తి బయట పెట్టుకుని, మెల్లగా దిగాడు. మూతలోని పెచ్చును వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. పుట్టినప్పటి నుంచి తాగిన నీళ్లు ఆయనకు తెలియవా? తర్వాత మనిషి మొత్తం ఎస్తేరక్క వైపు తిరిగి చెయ్యి చాపాడు.

"నీళ్లియ్యి" అన్నాడు.

ఆమె సీసా ఇచ్చింది. మెడ వెనక్కి వంగదు కదా, నడుము నుంచి వెనక్కి వాలి, కారుకు ఆనుకుని, సీసా ఖాళీ అయ్యేదాకా తాగాడు.

"మంచిగున్నయి" అన్నాడు. "నువ్వేం ఫికర్ జెయ్యకు."

ఎస్తేరక్క అక్కడే రోడ్డు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. సాగర్ దిక్కు నుంచి వచ్చిన ఖాళీ లారీకి తాడు కట్టి కారును వెనక్కి తెచ్చాం. స్టీరింగు నన్ను పట్టనివ్వలేదు. నార్కట్‌పల్లి దాకా ఆయనే పట్టుకున్నాడు.

ఇంజను పైభాగం కోసం ఫోన్లో ఉన్న గుంపంతా వెతికింది. ఏడాది మీద అయింది దొరకడానికి. కొత్త రేడియేటరు వేశాను. కారు ఇప్పుడు మొదటి కంటే బాగా నడుస్తుంది. డానియలన్న మోకాలు ఆ ఏడాదిలో పూర్తిగా బిగుసుకుంది, కర్రలాగా చాపే ఉంటుంది. ఆదివారం చర్చి అయ్యాక ఆటోలో పక్కకు ఒరిగి కూర్చుని షెడ్డుకు వస్తాడు. నేను కారు స్టార్టు చేస్తాను. ఆయన బయట నిలబడి, కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు పట్టుకుంటాడు. ఎస్తేరక్క ఇంటి నుంచి రెండు సీసాలు తెస్తుంది. ఒకటి ఆయనకు, ఒకటి రేడియేటరుకు. ఇప్పుడు దానికి కూలెంట్ అని వేరే మందు నీళ్లు వాడతాం, బయటి నీళ్లు అక్కర్లేదు. ఆమెకు ఆ మాట నేను చెప్పలేదు. ఆమె ఇంటికి పోయాక ఆ సీసా తీసి చెట్టుకు పోస్తాను.

పోయిన నెల మళ్లీ అడిగాను. "అక్కా, నేను తోలుత. అన్న వెనక సీట్ల కాళ్లు చాపుకోని కూసుంటడు. పొయ్యి కృష్ణను చూసొద్దాం."

"ఆయిన తోలితెనే" అంది.

డానియలన్న ఆ మాట విన్నాడు. సీటు వైపు, కింద పట్టీ వైపు, తన కాలి వైపు చూసుకున్నాడు.

"తమ్మీ, ఇంకో తూటు కొడ్తవా?"

సీటు అప్పటికే వెనక సీటుకు ఆనుకుని ఉంది. ఇంకా వెనక్కి జరిపితే ఎంత చేతులున్నవాడికైనా స్టీరింగు అందదు. అది ఆయనకు నా కంటే బాగా తెలుసు. ఎస్తేరక్క నా వైపే చూస్తోంది. నేను వెనక సీటు విప్పి బయట పెట్టి, డ్రిల్లింగు మిషను తెచ్చి, కింద కూర్చుని తూటు కొట్టాను.