పక్కన కూర్చునేవాడు

అచ్చాఫీసు చేతులు మారిందని తెలిసిన దగ్గర్నుంచీ అక్కడ అందరి మొహాలూ మాడిపోయాయి, ఒక్క బైండరు మొహం తప్ప. చావింట్లో కూడా నవ్వించే నోరు వాడిది. లోపల మాత్రం వాడికీ గుబులే. తన గురించి కాదు, బావ గురించి. కాగితం కోసే మిషను మీద పనిచేసే బావకి ఈమధ్య చెయ్యి వణుకుతోంది. ఆ సంగతి ఇల్లు దాటలేదు. దాటిందా, బావ ఉద్యోగం హుళక్కి.

కొత్త యజమాని ముందుగా ఓ మనిషిని పంపాడు. ఇస్త్రీ చొక్కా, పిల్లిలా చప్పుడు లేని నడక, చంకలో మడత స్టూలు. ఏదో ఒక మిషను పక్కన స్టూలేసుకుని ఊరికే కూర్చుంటాడు. ముట్టుకోడు, అడగడు. సాయంత్రం సుద్దముక్క తీసి గీత పెడితే ఉన్నట్టు, సున్నా చుడితే పోయినట్టు.

"మనుషులకీ అంతే," అన్నాడు మేనేజరు, నేలచూపులు చూస్తూ.

బైండరు ఊరుకుంటాడా? "ఏం సార్, గుడ్లు పొదుగుతున్నారా?"

అందరూ కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు.

"అసెస్ చేస్తున్నా. ఆ మాట లాటిన్ నుంచి వచ్చింది. పక్కన కూర్చోవడం అని దాని అర్థం. పూర్వం జడ్జి పక్కన ఒకడు కూర్చునేవాడు. ఎవడికెంత పన్ను, ఎంత జరిమానా అని తేల్చడం వాడి పని. తర్వాత ఇళ్ళకీ పొలాలకీ విలువ కట్టడానికీ అదే మాట వాడారు. ఇప్పుడు పిల్లాడి చదువు చూసినా, రోగి ఒళ్ళు చూసినా అసెస్ చెయ్యడమే."

"అయితే మా అత్తగారూ అసెసరే సార్! పక్కన కూర్చుందంటే నాకు జరిమానా పడ్డట్టే!"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

బైండరు గమనిస్తూనే ఉన్నాడు. గుమ్మం దగ్గర తుప్పు పట్టిన పాత మిషను వంక ఆ మనిషి కన్నెత్తి చూడలేదు. కొత్తగా కొన్న పెద్ద మిషను పక్కన మాత్రం పొద్దున్నంతా కూర్చున్నాడు. ఓహో, విలువున్నదాని పక్కనే కూర్చుంటాడన్నమాట! వాడి బుర్రలో దీపం వెలిగింది. బావ చెవిలోనూ వేశాడు.

మధ్యాహ్నం ఆయన బావ దగ్గరికి రాగానే బైండరు ఫ్యాను అటు తిప్పాడు. టీ తెప్పించాడు. "కూర్చోండి సార్, ఇక్కడ గాలి బాగా తగుల్తుంది," అని కబుర్లు మొదలెట్టాడు. అత్తగారి గురక, మామగారి కట్టుడు పళ్ళు, ఒకటా రెండా! ఆయన లేవబోయినప్పుడల్లా ఇంకోటి అందుకున్నాడు. బావ పంటి బిగువున మిషను పిడి పట్టుకుని పనిచేస్తున్నాడు. ఆయన చెవులు బైండరు దగ్గరున్నాయి గానీ, కళ్ళు బావ చేతుల మీదే ఉన్నాయి. అది బైండరూ చూశాడు. అయినా కబుర్లు ఆపలేదు.

సాయంత్రం కుళాయి దగ్గర ఆయన చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి అడిగాడు.

"మా బావ మీకు తెగ నచ్చినట్టున్నాడే? లేవనే లేదు!"

"చూడగానే తేలిపోయేవాటి పక్కన నేను కూర్చోను. ఆ తుప్పు మిషను తేలిపోయింది. మీరూ తేలిపోయారు, ఉంటారు. అనుమానం ఉంటేనే కూర్చుంటా." ఆయన రుమాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "మీ బావగారి దగ్గర ఒక్క క్షణం నిలబడి వెళ్ళిపోదామనుకున్నా. మీరే కూర్చోబెట్టారు. కూర్చున్నాకే చేతులు కనబడ్డాయి."

జేబులోంచి సుద్దముక్క తీసుకుని లోపలికెళ్ళాడు.

బావ చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. ఎన్నాళ్ళకో మొహం విచ్చుకుంది.

"ఒరేయ్ బామ్మర్దీ! పూటంతా నా పక్కనే కూర్చోబెట్టావు కదరా! గండం గట్టెక్కింది. మీ అక్క పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నీ నోటితోనే చెప్పు."

వణికే వేలితో నంబరు నొక్కి ఫోను వాడి చేతిలో పెట్టాడు. బావ వెనకాల, కాగితం కోసే మిషను ఇనుము మీద సుద్ద గీసుకుంటున్న చప్పుడు మొదలైంది.

"ఏమైందిరా?" అవతల అక్క. "మాట్లాడవేం? చెప్పరా!"